వస్తుతంత్రము, పురుషతంత్రము
(శాస్త్రాన్వేషణమున చూచువాని స్థానము)

శాస్త్రజ్ఞుడు తన ఇష్టానిష్టములను విడిచి, వస్తువు ఎట్లున్నదో అట్లే చూడవలెనని ఆధునికులు చెప్పుదురు. అది ఒప్పుకొనదగిన మాటయే. కాని చూపు ఉండవలెనన్నచో చూచువాడు ఉండవలెను గదా! వానికి కన్ను, చెవి, మనస్సు, అలవాటు, ఆశ అన్నియు ఉండును. వీనిని ఇంటివద్ద విడిచి పరిశోధనశాలకు పోవుట ఎవరికి సాధ్యము? ఈ సంగతి గమనించిన కొందఱు, సత్యమనునది ఎవరి చూపునుబట్టి వారికుండునని మఱియొక కొసకు పోవుచున్నారు. ఈ రెండు కొసలకు నడుమ నిలువదగిన చోటు ఏదియో విచారింతము.

శ్రీ శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున కర్మకును జ్ఞానమునకును గల భేదమును విశదముగా నిరూపించిరి. కర్మ పురుషతంత్రము, అనగా చేయువాని అధీనము. ఒక ఊరికి గుఱ్ఱముపై పోవచ్చును, కాలినడకను పోవచ్చును, అసలు పోకయు ఉండవచ్చును. జ్ఞానము అట్టిది కాదు. అది వస్తుతంత్రము, వస్తువు ఎట్లున్నదో దానిని అనుసరించి ఉండును. మసకచీకటిలో కనబడునది మ్రోడా, మనిషియా అనునది మన కోరికను బట్టి తేలదు. మ్రోడును మ్రోడుగా ఎఱుగుటయే జ్ఞానము. వేయిమంది కూడి అది మనిషియే యని తీర్మానించినను మ్రోడు లేచి నడువదు.

అయితే జ్ఞానము వస్తువును అనుసరింపవలెనన్నంతమాత్రమున అది మనకు నిర్దుష్టముగా లభించునా? పిత్తదోషము గలవానికి తెల్లని శంఖము పచ్చగా తోచునని మన తార్కికులు తఱచుగా చెప్పు ఉదాహరణము. పసుపు శంఖమునందు లేదు, చూచువాని కంటియందున్నది. ఎండమావియందు నీరు తోచును. దూరమున లేచినది ధూళియో, పొగయో తేలదు. గౌతమమహర్షి న్యాయసూత్రములలో రాగద్వేషమోహములను దోషములుగా పరిగణించెను. ఇక్కడ గమనింపదగినది ఒకటి కలదు. కంటికి దోషము కలుగునని మనవారు కంటిని నిరాకరింపలేదు. దోషమును గుర్తించి, దానిని తొలగించి చూడుమనిరి. తొలగింపరాని దోషమైనచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ఖగోళశాస్త్ర చరిత్రలో ఒక చక్కని సమాధానము కలదు.

ఇంగ్లండునందలి గ్రీనిచ్ వేధశాలకు పదునెనిమిదవ శతాబ్ది చివర నెవిల్ మాస్కెలిన్ అధిపతి. డేవిడ్ కిన్నెబ్రూక్ ఆయన సహాయకుడు. దూరదర్శినిలో సన్నని తీగలు అమర్చబడి ఉండును. ఆకాశమున కదలుచున్న నక్షత్రము ఆ తీగను దాటు క్షణమును పట్టుకొనవలెను. ప్రక్కనున్న గడియారపు చప్పుళ్ళను చెవితో లెక్కించుచు, కంటితో నక్షత్రమును అనుసరించుచు, సెకనులో పదియవ వంతు వఱకు అంచనా కట్టి వ్రాయవలెను. కిన్నెబ్రూక్ వ్రాసిన కాలము మాస్కెలిన్ వ్రాసినదానికంటె 1795లో అరసెకను, పిమ్మట 0.8 సెకను ఆలస్యముగా వచ్చుచుండెను. సహాయకుడు ఏదియో తప్పుపద్ధతికి అలవడెనని తలచి, మాస్కెలిన్ 1796లో అతనిని పనినుండి తొలగించెను. అధిపతి అంకె సత్యమనియు, సహాయకుని అంకె దోషమనియు ఆనాడు తీర్పు జరిగినది.

రెండు దశాబ్దములు గడచిన పిమ్మట ప్రష్యాదేశమునందలి కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో ఫ్రెడ్రిక్ బెస్సెల్ అను ఖగోళవేత్త ఈ ఉదంతమును చదివెను. ఇది నిజముగా అజాగ్రత్తయేనా అని ఆయనకు సందేహము కలిగినది. తన వేధలను ఇతర నిపుణుల వేధలతో పోల్చి చూచెను. 1820 ప్రాంతమున వాల్బెక్ అను ఖగోళవేత్తతో కలిసి అవే నక్షత్రములను చూడగా ఇద్దఱికిని సుమారు ఒక సెకను తేడా వచ్చినది! ఇద్దఱును ఆరితేరినవారే, ఇద్దఱును శ్రద్ధతో చూచినవారే. కన్ను చూచినదానిని, చెవి విన్నదానిని మనస్సు ఒక్కచోట కూర్చుటలో మనిషికిని మనిషికిని భేదము ఉండునని అప్పుడు తేలినది. దీనికి ఖగోళవేత్తలు వైయక్తిక సమీకరణమని పేరిడిరి. ఒక్కొక్క పరిశీలకుని తేడా ఎంతయో కొలిచి, దానిని గణితమునందు సరిచేయు పద్ధతి క్రమముగా ఏర్పడినది. కిన్నెబ్రూక్ మాత్రము 1802లోనే మరణించెను. తనది అపరాధము కాదని తెలియు భాగ్యము అతనికి లేకపోయినది.

ఈ కథలో మనకు కావలసిన నీతి స్పష్టము. మాస్కెలిన్ చూచువానిని మఱచెను. ముఖ్యముగా తానును ఒక చూచువాడేనని మఱచెను. బెస్సెల్ చూచువానిని కూడ దృశ్యములలో ఒకటిగా చేర్చి కొలిచెను. మనుష్యునికి మనుష్యునికి తేడా ఉన్నదని తెలిసినంతమాత్రమున, నక్షత్రము తీగను దాటు కాలము ఎవరికి వారిదే యని ఆయన అనలేదు. నక్షత్రము దాటిన క్షణము ఒక్కటియే. దానిని చేరుటకై తన తప్పును తాను కొలుచుకొనెను.

ఈ సత్యము నాకు పుస్తకమునుండి గాక ఒక పరాభవమునుండి తెలిసినది. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణము సంభవించినది. హైదరాబాదునకు సమీపముననున్న జపాల్-రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణమార్గమున ఉండెను. అప్పుడు నేను పాఠశాలలో విద్యార్థిని. మా ఊర పాక్షికగ్రహణమే. గురువుగారు గది తలుపులు మూయించి, చిన్న రంధ్రముగుండ గోడపై పడిన సూర్యబింబమును చూచుచు స్పర్శకాలమును వ్రాయుమని నన్నును, నా సహాధ్యాయిని నియమించిరి. నేను ముందుగానే పంచాంగము చూచుకొని యుంటిని. ఆ నిమిషము రాగానే బింబపు అంచు చెదరినట్లు తోచినది, వెంటనే వ్రాసితిని. పంచాంగము చూడని నా సహాధ్యాయి కొన్ని నిమిషములు ఆలస్యముగా వ్రాసెను. నా అంకె గ్రంథముతో సరిపోయినదని నేను పొంగిపోవుచుండగా గురువుగారు, "నాయనా, నీవు చూచినది సూర్యుని కాదు, పంచాంగమును" అనిరి.

నేను అసత్యము వ్రాయలేదు. నాకు నిజముగా అట్లే కనబడినది. భయపడవలసినది అందులకే. అసత్యమాడువానికి తాను ఆడుచున్నట్లు తెలియును. ఆశ చూపించిన దృశ్యమును చూచువానికి ఆ సంగతి తెలియదు. గురువుగారు నా సహాధ్యాయి అంకెను కూడ ఉన్నదున్నట్లు అంగీకరింపలేదు. "సన్నని కొఱత గోడపై కంటికి ఆనుటకు కొంతసేపు పట్టును. ఆ జాప్యమెంతయో తెలిసికొన్న పిమ్మట గదా ఇది స్పర్శకాలమగును!" అనిరి. నేడు ఔషధములను పరీక్షించునప్పుడు ఎవరికి మందు ఇచ్చిరో, ఎవరికి వట్టి మాత్ర ఇచ్చిరో రోగికిని, వైద్యునికిని కూడ తెలియనీయక పరీక్షించుపద్ధతి కలదు. పంచాంగమును ముందుగా చూడనీయకుండుట వంటిదే అది.

గ్రంథమునందు భక్తి గలవారు వేధను మానవలయునా? కేరళదేశీయుడగు వటశ్శేరి పరమేశ్వరుడు 55 సంవత్సరములు గ్రహగ్రహణములను పరిశీలించెనని నీలకంఠ సోమయాజి వ్రాసెను. ఆ పరిశ్రమఫలముగా 1431లో దృగ్గణితమను గ్రంథము వెలసినది. పూర్వుల గణితము ఆకాశముతో కలియకున్నచో ఆకాశమును గాక గణితమునే సవరించిన మహనీయుడాయన. మద్రాసు వేధశాలలో పనిచేసి, 1867లో ఆర్ రెటిక్యులీ అను తేజోభేదము గల నక్షత్రమును గుర్తించిన చింతామణి రఘునాథాచారి కూడ దృగ్గణిత పంచాంగమునకై పాటుపడెను. వీరు ఋషులను తిరస్కరించినవారు కారు. వారు చూపిన దిక్కునకే చూచినవారు.

అట్లయిన పురుషునకు శాస్త్రమున స్థానమే లేదా? ఉన్నది. ఏ ప్రశ్న అడుగవలెను, ఏ సాధనముతో చూడవలెను, ఎన్ని రాత్రులు మేల్కొనవలెను అనునవి పురుషతంత్రములే. 55 ఏండ్లు ఆకాశమును చూడుమని పరమేశ్వరుని ఏ నక్షత్రమును ఆజ్ఞాపింపలేదు. ఆయన అనురాగమే ఆయనను మేల్కొల్పినది. బెస్సెల్‌నకు కలిగిన సందేహము కూడ అతనిదే. ఇట్టి రాగము లేనివాడు పరిశోధనకే పూనుకొనడు. కాని ప్రశ్న మనదైనను, సమాధానము మనది కాదు. ప్రశ్నయందు పురుషుడు, సమాధానమునందు వస్తువు ప్రభువులు. ఈ మేర తెలిసి మెలగుటయే సమత్వము. ఈ మేరను కాపాడుటకే మన పెద్దలు వాదమున పూర్వపక్షమునకు స్థానమిచ్చిరి. మన కంటిలోని పసుపును మనము చూడలేము, ఎదుటివాడు చూడగలడు.

భక్తులకు ఒక విన్నపము. గ్రహణకాలమున స్నానము చేయుట, జపము చేయుట పురుషతంత్రములు. శ్రద్ధ గలవారు ఆచరింతురు. స్పర్శ ఎప్పుడు జరిగినది అనునది వస్తుతంత్రము. అక్కడ శ్రద్ధ అనగా కన్నులు తెఱచి చూచుటయే. మన ఇష్టము చొప్పున సత్యమును మలచుట సత్యస్వరూపుడగు భగవంతునకు ప్రీతికరము కానేరదు. చూచునప్పుడు "ఇందులో నా పాలు ఎంత?" అని తన్ను తాను ప్రశ్నించుకొనువాడు శాస్త్రమార్గమున నడచినను, సాధనమార్గమున నడచినను దారి తప్పడు.