రాణి ఉన్నదా, లేదా?

తేనెటీగల పెట్టె మూత తీశారు. ఈగలు చట్రాల మీద కుదురుగా లేవు. అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి. పెట్టె అంతా మూలుగులాంటి ఒకటే రొద. రాణి చనిపోయిందా? వేల ఈగల మధ్య ఒక్క రాణిని పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. అందుచేత మీరు వెతకవలసింది రాణిని కాదు, గుడ్లను. (ముఖానికి వల, పక్కన పెద్దవారు లేకుండా మాత్రం పెట్టె జోలికి పోకండి.)

సూర్యుడు మీ వీపు వెనుక ఉండేట్లు నిలబడి, గదుల అడుగుదాకా వెలుతురు పడేట్లు చట్రాన్ని పట్టుకోండి. గుడ్డు బియ్యపు గింజలా తెల్లగా ఉంటుంది గాని, పొడవు ఒకటిన్నర మిల్లీమీటరే. నల్లబడిన పాత పట్టులో త్వరగా కంటికి ఆనుతుంది. పెట్టిన రోజున గుడ్డు నిలువుగా ఉంటుంది. మర్నాటికి వాలుతుంది. మూడోనాటికి పడుకుంటుంది. ఆ తర్వాత లార్వా బయటికి వస్తుంది. కాబట్టి గదికి ఒక్కటి చొప్పున నిలబడిన గుడ్లు కనిపిస్తే, నిన్నో నేడో రాణి అక్కడ తిరిగిందన్నమాట. ఇక దాన్ని చూడకపోయినా ఫరవాలేదు. మూత పెట్టేయండి.

గుడ్లు లేవు, లార్వాలు మాత్రమే ఉన్నాయా? అయితే మూడు రోజులుగా గుడ్లు పెట్టినవారు లేరు. లార్వాలు కూడా లేక, మైనపు మూతలు వేసిన గదులే ఉంటే వారం దాటింది. ఈ లెక్క ఎందుకంటే, రాణీ కూలి ఈగా పుట్టేది ఒకే రకం గుడ్డు నుంచి. తేడా అంతా తిండిలోనే. మూడు రోజులు దాటిన లార్వా మంచి రాణి కాలేదు. గుడ్డుగా మూడు రోజులు, లార్వాగా మూడు రోజులు. అంటే రాణి పోయిన ఆరు రోజుల్లోపల ఈగలు కొత్త రాణిని మొదలుపెట్టాలి. మొదలుపెడితే పట్టు మధ్యలో వేరుసెనగకాయలా కిందికి వేలాడే గదులు కనిపిస్తాయి. అటువంటివే పట్టు అడుగు అంచున చాలా ఉంటే రాణి చచ్చిందని కాదు, ఈగలు గుంపుగా విడిపోయే ఏర్పాటులో ఉన్నాయని.

ఇక్కడొక చిక్కుంది. గుడ్లు లేకపోయినా ఈగలు నెమ్మదిగా ఉండి, కాళ్లకు పుప్పొడి ముద్దలతో వస్తుంటే తొందరపడకండి. లోపల గుడ్లు పెట్టడం మొదలుపెట్టని కొత్త రాణి ఉండవచ్చు. అది గదిలోంచి బయటపడి, మగ ఈగలతో కలిసి, గుడ్లు పెట్టేసరికి రెండు వారాలైనా పట్టవచ్చు. నేనూ ఒకసారి ఆగలేక వేరే రాణిని తెచ్చి వదిలాను. మర్నాడు అది గుమ్మం ముందు చచ్చి పడి ఉంది.

అనుమానం తీరాలంటే ఒక పరీక్ష చేయండి. అదే జాతి ఈగలున్న మరో ఆరోగ్యమైన పెట్టెలోంచి గుడ్లు, చిన్న లార్వాలు ఉన్న చట్రం ఒకటి తెచ్చి, దాని మీది ఈగలను దులిపి ఇందులో పెట్టండి. నాలుగు రోజులాగి చూడండి. వేలాడే గదులు కట్టడం మొదలైతే రాణి లేదు. కట్టకపోతే దాదాపుగా ఉన్నట్టే. రాణి లేకపోతే ఈ పరీక్షే మందు కూడా!

ఆలస్యమైతే మరొకటి జరుగుతుంది. రాణి వాసన, లార్వాల వాసన పోయాక కొన్ని కూలి ఈగలు తామే గుడ్లు పెడతాయి. మన దేశవాళీ ఈగల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. వాటి పొట్ట పొట్టిది. గది అడుగు అందక గుడ్లు గోడలకు అంటుకుంటాయి, ఒక్కో గదిలో నాలుగైదు ఉంటాయి. కొత్త రాణి కూడా మొదట్లో రెండేసి పెట్టవచ్చు గాని, అవి అడుగునే ఉంటాయి. కూలి ఈగలు మగవాటితో కలవవు గనుక వాటి గుడ్లలో మగ ఈగలే పుడతాయి. చిన్న గదుల మీద బుడిపెల్లా ఉబ్బిన మూతలు అందుకు గుర్తు. ముసలి రాణిలో వీర్యం అయిపోయినా ఇలాంటి మూతలే కనిపిస్తాయి. కాని గుడ్డు గదికి ఒక్కటే, అదీ అడుగున ఉంటుంది. మగ ఈగ తేనె తేదు, పిల్లలను సాకదు. కూలి ఈగలు కొన్ని వారాలు మాత్రమే బతుకుతాయి. లెక్క మీరే వేసుకోండి.

ఇటువంటి పెట్టె కొత్త రాణిని సాధారణంగా చంపేస్తుంది. రాణి ఉన్న బలమైన పెట్టెతో కలిపేయడమే మేలు. సాయంత్రం ఆ పెట్టె మీద వార్తాపత్రిక కాగితం ఒకటి పరిచి, సూదితో నాలుగు చిల్లులు పొడిచి, దీన్ని పైన పెట్టండి. ఈగలు కాగితాన్ని కొరికేలోగా రెండిటి వాసనా కలిసిపోతుంది. రెండు మూడు రోజుల్లో గుమ్మం ముందు కాగితపు పొట్టు రాలి కనిపిస్తుంది.