ముందు అమ్మ తినగలిగేది చూడు

చెల్లెమ్మా, అమ్మానాన్నలు ఇక్కడ ఉండగానే వాళ్ల షష్టిపూర్తి రోజు వస్తోందని, ఆ పూట సముద్రం ఒడ్డున మంచి భోజనం పెట్టించాలని నీకు అనిపించడం ఎంత బాగుందో! బ్రైటన్ తీసుకెళ్లు. లండన్ నుంచి రైల్లో దాదాపు గంట ప్రయాణం, పెద్దవాళ్లు అలసిపోరు.

అయితే కిటికీలోంచి సముద్రం కనిపించే హోటల్ కోసం వెతక్కు. సముద్రాన్ని నడుస్తూ చూడొచ్చు. అమ్మ శుద్ధ శాకాహారి కదా, ముందు ఆవిడ ఏం తినగలదో చూడు. అందరూ తలో రకం తెప్పించుకుని ఆవిడ ముందు కాసిని ఆకులు పెడితే, "నాకు ఆకలిగా లేదులే" అని ఊరుకుంటుంది. ఆవిడ పండగ రోజున ఆ మాట అననివ్వకు.

చిప్స్ అంటే బంగాళాదుంపలేగా అనుకోకు. కొన్ని షాపుల్లో, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించినా అదే నూనెలో చేపలూ వేగి ఉండొచ్చు. పర్మేసాన్ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ ఉంటుంది. పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ లాంటి 14 అలర్జీ పదార్థాల గురించి హోటల్‌వాళ్లు చెప్పి తీరాలని ఇక్కడ చట్టం ఉంది. కొవ్వు, రెన్నెట్ మాత్రం ఆ జాబితాలో లేవు. వాటి సంగతి మనమే మొహమాటం లేకుండా అడగాలి.

బ్రైటన్‌లో ఆ బెంగ తీర్చే చోట్లున్నాయి. లేన్స్ అనే సందుల్లో ఉన్న ఫుడ్ ఫర్ ఫ్రెండ్స్ 1981లో, ఈస్ట్ స్ట్రీట్‌లో ఉన్న టెర్ ఆ టెర్ 1993లో మొదలయ్యాయి. రెండూ శాకాహారానివే, సముద్రానికి నడక దూరమే. గుడ్డు ఉందా లేదా అని కనుక్కుంటే చాలు, మిగతా మెనూ అంతా అమ్మదే. మరిదిగారికి, పిల్లలకి చేపలు కావాలంటే అదే ఈస్ట్ స్ట్రీట్‌లో ఇంగ్లీషెస్ ఉంది. అక్కడికి ఇంకో రోజు వెళ్లండి.

వేసవి శనాదివారాల్లో రద్దీ ఎక్కువ, కాబట్టి ముందే బుక్ చెయ్యి. మెట్లెక్కే పని లేని టేబుల్ అడుగు. బిల్లులో సర్వీస్ చార్జ్ కలిపారేమో చూసుకుని అప్పుడు టిప్ సంగతి ఆలోచించు. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది, తిన్నాక పియర్ దాకా నడవొచ్చు. ఆ ఒడ్డున మన విశాఖలోలా ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. అమ్మకి బూట్లు తొడిగించు, శాలువా పట్టుకెళ్లు.

ఈలోగా ఆ మెనూలు తెరిచి, అమ్మ పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించు. ఆవిడ మనసు పడేవి రెండు మూడైనా ఉన్న చోటే టేబుల్ చెప్పు.