విద్యార్థికి పుస్తక మొక్కటే చాలదు

విద్యకు విఘ్నములు రెండు విధములు. పాఠము బోధపడకపోవుట యొకటి, పాఠశాలకు రాలేకపోవుట రెండవది. మొదటిదానిని గురువు తీర్పగలడు. రెండవది తరచుగా గురువు దృష్టికే రాదు. హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరులు పడును; కొన్నాళ్లకు పేరు తొలగింపబడును. ఆ విద్యార్థికి చదువుపై శ్రద్ధ లేదని లోకము తలచును. నిజమునకు వానికి లోపించినది బస్సుచార్జీ కావచ్చును.

పూర్వము తెలుగునాట బీదవిద్యార్థులు వారములు చేసికొని చదివెడివారు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. అన్నము పెట్టిన గృహిణులు పాఠము చెప్పలేదు. కాని ఆ యన్నము లేనిచో పాఠము సాగెడిది కాదు. సంపన్నదేశమైన అమెరికాలో సైత మిట్టి యవసరము కలదనిన పలువురు ఆశ్చర్యపడుదురు.

కమ్యూనిటీ కళాశాలలు

ఆ దేశమున ఈ పేరుగల కళాశాలలు ముఖ్యముగా రెండేండ్ల చదువు నొసగును. వీనిలో మిక్కిలి పురాతనమైన ప్రభుత్వ కళాశాల ఇల్లినాయ్ రాష్ట్రమందలి జోలియట్ పట్టణమున 1901లో వెలసినది. రుసుము తక్కువ, ప్రవేశము సులభము. అందుచే పనిచేయుచు చదువువారును, బిడ్డల తల్లులును, తమ కుటుంబమున మొదటిసారి కళాశాల గడప ద్రొక్కినవారును వీనిలో పెక్కురు చేరుదురు. అయితే చేరినవారిలో పట్టము పొందువారు చాల తక్కువ.

బీదలకు రుసుము నిమిత్తము పెల్ గ్రాంటు అను కేంద్రప్రభుత్వ సహాయము కలదు. కాని రుసుముతో జీవితము గడవదు. ఇంటి అద్దె, శిశువును చూచువారికి జీతము, వైద్యము మున్నగు ఖర్చులు వెన్నంటి యుండును. ఒక తల్లి యుదయమున అంగడిలో పనిచేసి, సాయంకాలము తరగతికి పోవుచున్నదనుకొందము. బస్సులు అరుదైన ఊరిలో ఆమె పాతకారు చెడినది. పనికి పోలేదు, కూలి పోయినది, అద్దె నిలిచినది, తరగతి తప్పినది. పరీక్షలో తప్పక మునుపే ఆమె చదువు ముగిసినది.

ఫోర్ట్‌వర్త్ నగరపు ప్రయోగము

టెక్సస్ రాష్ట్రమందలి ఫోర్ట్‌వర్త్‌లో కాథలిక్ ఛారిటీస్ అను సేవాసంస్థ 2013లో టారెంట్ కౌంటీ కళాశాల విద్యార్థుల కొరకు 'స్టే ది కోర్స్' అను కార్యక్రమము నారంభించినది. చదువును నడుమ విడువవలదని ఆ పేరునకు భావము. బీదవిద్యార్థులను చీట్లు వేసినట్లు మూడు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు ఒక మార్గదర్శియు, ఆపత్కాలమున కొంత ధనసహాయమును లభించెను. రెండవ వర్గమునకు ఆపత్కాల ధనసహాయము మాత్రమే. మూడవ వర్గమునకు కళాశాలలో అందరికిని లభించునదియే.

మార్గదర్శి సమాజసేవయందు శిక్షణ పొందినవాడు, అధ్యాపకుడు కాడు. విద్యార్థిని తరచుగా కలిసికొని, కష్టము విని, ఏ సహాయ మెక్కడ దొరకునో చూపి, కలిసి యోచన చేయుట వాని పని.

2017లో వెలువడిన పరిశోధనాపత్రము ఫలితములను తెలిపినది. ఆరు సెమిస్టరుల నాటికి, మార్గదర్శి గల వర్గమున చదువు కొనసాగించినవారును పట్టము పొందినవారును స్పష్టముగా హెచ్చిరి. స్త్రీలయందు ఈ మేలు అధికముగా కానవచ్చెను. ధనము మాత్రమే లభించిన వర్గమునకును ఏమియు లభింపని వర్గమునకును భేదము కానరాలేదు. ఇచ్చట నిలిచి యోచింపవలెను. ధనము వ్యర్థమని దీని యర్థము కాదు. ఆపదలు గొలుసువలె వచ్చునప్పుడు, ఒక చిక్కునకిచ్చిన సొమ్ము తక్కిన చిక్కులను విప్పలేదు. వానిని విప్పుటకు తోడుగా నిలుచు మనుష్యుడు కావలెను.

న్యూయార్కు నగరపు మార్గము

న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము 2007లో 'ఏసాప్' అను పథకమును ప్రారంభించినది. రుసుములో మిగిలిన భాగము మాఫీ, పాఠ్యపుస్తకములు, నగరరవాణాకు ఉచిత కార్డు, సలహాదారు — ఇవి యందలి ముఖ్యాంశములు. దీనికి ప్రతిగా విద్యార్థి పూర్తికాలము చదువవలెను, సలహాదారును తప్పక కలిసికొనవలెను. సాధారణముగా ఒక సలహాదారునకు 600 మొదలు 1500 మంది విద్యార్థులుండగా, ఈ పథకమున తొలినాళ్లలో 60 మొదలు 80 మంది మాత్రమే యుండిరి.

మూడు కళాశాలలలో 896 మందిపై జరిపిన పరిశీలనలో, మూడేండ్లకు పథకమందలివారిలో నూటికి 40 మందియు, తక్కినవారిలో 22 మందియు పట్టము పొందిరి. ఒహాయో రాష్ట్రమున ఇదే పద్ధతి ననుసరింపగా నూటికి 35 మందియు, తక్కినవారిలో 19 మందియు ఉత్తీర్ణులైరి. న్యూయార్కులో ఒక్కొక్క విద్యార్థిపై ఖర్చు హెచ్చినను, పట్టము పొందినవారి సంఖ్య పెరిగినందున ఒక్కొక్క పట్టమునకైన ఖర్చు తగ్గినది.

గ్రహింపవలసినది

సహాయము సకాలమున అందవలెను. సెమిస్టరు గడచిన పిదప వచ్చిన సొమ్ము చదువును నిలుపలేదు. అది గౌరవముతో అందవలెను. తన దైన్యమును పదిచోట్ల చెప్పుకొనవలసి వచ్చిన యువకుడు చదువు మానుటకే యిష్టపడును. ముఖ్యముగా, సహాయము వెంట అడిగి తెలిసికొను మనుష్యు డుండవలెను. విద్యార్థివేతనము నిచ్చు దాత తన సంతకముతో పని ముగిసినదని తలపరాదు. ఆ విద్యార్థి ఎచ్చట నిద్రించుచున్నాడు, ఏమి తినుచున్నాడు, తరగతికెట్లు పోవుచున్నాడు అని నెలకొకసారి యడుగువా రొకరుండిన, ఆ దానము ఫలించును.

అభ్యాసము

1. విద్యకు గల రెండు విధముల విఘ్నము లెవ్వి?
2. ఫోర్ట్‌వర్త్‌లో ధనసహాయము మాత్రమే పొందినవారికి మేలు కానరాకపోవుటకు కారణమేమై యుండును?
3. మీ యూరిలో ఈ యేడు చదువు మానినవా రెవ్వరు? వారిని కారణ మడిగినవా రెవ్వరు?