హార్ట్ ఫెయిల్యూర్ స్పెషలిస్టులు కావలెను

యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి అమెరికా వెళ్లిన మన డాక్టర్లకు అక్కడ కార్డియాలజీ ఫెలోషిప్ సీటు దొరకడం ఎంత కష్టమో బాగా తెలుసు. ఆ కార్డియాలజీలోనే ఒక ఉపశాఖలో మాత్రం కొన్నేళ్లుగా దాదాపు సగం సీట్లు మిగిలిపోతున్నాయి. దాని పేరు అడ్వాన్స్‌డ్ హార్ట్ ఫెయిల్యూర్ అండ్ ట్రాన్స్‌ప్లాంట్ కార్డియాలజీ. పోనీ రోగులు లేరా అంటే, హార్ట్ ఫెయిల్యూర్‌తో బతుకుతున్నవారు ఆ దేశంలో 60 లక్షల పైచిలుకే.

మందులకు లొంగని దశకు చేరిన గుండెను చూసేది ఈ డాక్టరే. ఎవరికి గుండె మార్పిడి చేయించాలి, ఎవరికి గుండెకు సాయపడే ఎల్‌వాడ్ పంపు అమర్చాలి, ఎవరికి ఇవేవీ పనికిరావని ఇంట్లోవాళ్లకు నెమ్మదిగా చెప్పాలి అన్నది తేల్చాలి. పగలు బయాప్సీలు, ఐసీయూలో ఎక్మో యంత్రం మీదున్న రోగులు. అర్ధరాత్రి దాత గుండె ఉందంటూ ఫోనొస్తే, తీసుకోవాలో వద్దో వెంటనే చెప్పాలి. మామూలుగా ఐస్‌లో పెట్టి తెచ్చే గుండెకు గడువు నాలుగు గంటలే. ఇంత ఒత్తిడిలోనూ ఒక సంతృప్తి ఉంది. ఒకే రోగిని ఏళ్ల తరబడి చూసే అవకాశం కార్డియాలజీలో చాలాచోట్ల ఇంతగా ఉండదు.

మరి ఎందుకు చేరడం లేదు? ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు, కార్డియాలజీ మూడేళ్లు, ఆపైన ఇదొక ఏడాది. 2008లో దీన్ని ప్రత్యేక ఉపశాఖగా గుర్తించారు, 2010లో తొలి బోర్డు పరీక్ష పెట్టారు. అయినా ఏడేళ్లు చదివి బయటికొచ్చిన డాక్టరు జీతం, ఆ ఏడాది చదవని జనరల్ కార్డియాలజిస్టు జీతాన్ని దాటదు చాలాచోట్ల. అక్కడ డబ్బు ప్రొసీజర్ లెక్కన వస్తుంది. స్టెంట్ వేస్తే పెద్ద లెక్క, కుటుంబంతో గంటసేపు కూర్చుని మాట్లాడితే చిన్న లెక్క. దానికితోడు 2018 అక్టోబరులో దాత గుండెల కేటాయింపు నిబంధనలు మారాయి. తాత్కాలిక పంపుల మీద ఐసీయూలో ఉన్నవారికి ముందు వరుస దక్కింది, డాక్టర్లకు ఐసీయూ పని పెరిగింది. కుర్ర డాక్టర్లు స్టెంట్లు వేసే ఇంటర్వెన్షనల్ కార్డియాలజీ వైపు వెళ్తే తప్పుపట్టడానికి ఏముంది!

ఈ శిక్షణను మూడేళ్ల కార్డియాలజీలోనే కలిపేయాలని కొందరు, కార్డియాక్ క్రిటికల్ కేర్‌తో జోడించాలని మరికొందరు అంటున్నారు. రెండూ మంచివే. కానీ రాత్రి ఫోన్లకూ, టీమ్ పనికీ వేరుగా డబ్బు కట్టనంతకాలం సీట్లు నిండుతాయనుకోవడం అత్యాశే.

ఇక మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండె మెట్రో రైల్లోనే ప్రయాణించింది. ఇవి పతాక శీర్షికలకెక్కే కబుర్లు. అసలు అవసరం మాత్రం ఓపీలో ఉంది. 2013లో తిరువనంతపురం రిజిస్ట్రీలో నమోదైన 1,205 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల సగటు వయసు 61. అయిదేళ్లలో వారిలో 59 శాతం చనిపోయారు. హార్ట్ ఫెయిల్యూర్‌కు వాడే నాలుగు రకాల మందులను సరైన మోతాదుకు చేర్చి, వదలకుండా వెంటపడే డాక్టరు ఇక్కడ గుండె మార్పిడి నిపుణుడికేమీ తీసిపోడు. ఇక్కడ ఈ శాఖలోకి రావడానికి మామూలు దారి ఎంబీబీఎస్, ఎండీ జనరల్ మెడిసిన్, నీట్ ఎస్‌ఎస్‌తో డీఎం కార్డియాలజీ, ఆ తరవాత పెద్ద ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రంలో ఫెలోషిప్.

ఎక్కడ చేరినా ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి ఎన్ని మార్పిడులు, ఎన్ని ఎల్‌వాడ్‌లు చేస్తున్నారు? రాత్రి డ్యూటీని ఎంతమంది పంచుకుంటున్నారు? అమెరికాలో జే-1 వీసా మీద ఉన్నవారికి ఇంకో చిక్కుంది. స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న నిబంధన నుంచి మినహాయింపు కోసం ఎక్కువమంది, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో ఉద్యోగం వెతుక్కుంటారు. ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాలేమో ఎక్కువగా పెద్ద నగరాల్లో ఉంటాయి. కాబట్టి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి.