పచ్చబడిన ఈత కొలను: ఎంత క్లోరిన్ వేశామన్నది కాదు, ఎంత మిగిలిందన్నదే లెక్క

సూరత్‌లో జూన్‌లో మొదలయ్యే వానలు సెప్టెంబరు దాకా సాగుతాయి. నాలుగు రోజులు ముసురు పట్టి, పెరట్లోని ఈత కొలను పంపు ఆగిపోయి, ఆ తర్వాత ఎండ కాసిందంటే నీటి రంగు మారిపోతుంది. అడుగున పలకలు కనిపించినంత తేటగా ఉన్న నీరు పచ్చగా, చిక్కగా తయారవుతుంది. అప్పుడు చాలామంది చేసే పని డబ్బాలో ఉన్న బ్లీచింగ్ పౌడర్‌ను గుమ్మరించడం. ఒక్కోసారి నీరు తేటపడుతుంది. ఒక్కోసారి రెండు రోజులకే మళ్లీ పచ్చబడుతుంది. ఈ తేడాకు కారణం రసాయన శాస్త్రంలో ఉంది.

పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ పచ్చదనం నాచుది. కంటికి కనిపించనంత చిన్న శైవలాల విత్తులు గాలితో, వాననీటితో, ఆకులతో కొలనులోకి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. నీటిలో తగినంత క్లోరిన్ ఉంటే వచ్చినవి వచ్చినట్టే చనిపోతాయి. వాన పడితే క్లోరిన్ పలచబడుతుంది. మట్టితో పాటు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు చేరతాయి. వెచ్చటి నీరు, ఎండ, ఎరువు మూడూ కుదిరితే నాచు శరవేగంగా పెరుగుతుంది.

నీరు పచ్చగా ఉన్నా అడుగు స్పష్టంగా కనిపిస్తుంటే అది నాచు కాకపోవచ్చు. నీటిలో కరిగిన రాగి కూడా అలాంటి రంగునిస్తుంది. దానికి క్లోరిన్ మందు కాదు.

బట్టల నుంచి నీటికి

క్లోరిన్‌కు ఆ పేరు పెట్టింది హంఫ్రీ డేవీ, 1810లో. లేత ఆకుపచ్చను సూచించే గ్రీకు మాట దానికి మూలం. ఆకులకు రంగునిచ్చే క్లోరోఫిల్ పేరులోనూ అదే మాట ఉంది. స్కాట్లాండ్‌కు చెందిన చార్లెస్ టెన్నాంట్ 1799లో బ్లీచింగ్ పౌడర్‌పై పేటెంట్ పొందింది నీటి శుద్ధి కోసం కాదు, బట్టలను తెల్లబరచడం కోసం. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు మరమగ్గాల పనికి వలస వెళ్లిన సూరత్‌లో అదే పొడి ఇప్పుడు కొలనులనూ శుభ్రం చేస్తోంది.

పని చేసేది ఏ రూపం?

బ్లీచింగ్ పౌడర్ వేసినా, ద్రవరూపంలోని సోడియం హైపోక్లోరైట్ పోసినా నీటిలో రెండు రూపాలు ఏర్పడతాయి. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్ అయాన్. మొదటిదానికి విద్యుదావేశం లేదు కాబట్టి సూక్ష్మజీవుల కణకవచాన్ని సులువుగా దాటి లోపలికి చొరబడుతుంది. రుణావేశం ఉన్న రెండోది అంత తేలిగ్గా వెళ్లలేదు. అందుకే మొదటిది అనేక రెట్లు శక్తిమంతం.

ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్. పీహెచ్ 7.2 దగ్గర సుమారు మూడింట రెండు వంతులు హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 7.5 దగ్గర సగానికి, 8 దగ్గర నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే పీహెచ్ చూడకుండా పోసిన క్లోరిన్‌లో ఎక్కువ భాగం నీటిలో ఉండి కూడా చురుగ్గా పని చేయదు.

రెండో శత్రువు ఎండ. రక్షణ లేని క్లోరిన్‌ను అతినీలలోహిత కిరణాలు కొన్ని గంటల్లోనే చాలావరకు విచ్ఛిన్నం చేస్తాయి. సయనూరిక్ ఆమ్లం దానికి గొడుగులా పనిచేస్తుంది. 30 నుంచి 50 పీపీఎం వరకు ఉంటే మేలు. కానీ ట్రైక్లోర్ బిళ్లలు వేసిన ప్రతిసారీ ఈ ఆమ్లం కూడా నీటిలో చేరుతుంది, నీటితో పాటు ఆవిరై పోదు. మోతాదు మించితే క్లోరిన్‌ను పట్టి ఉంచి పని చేయనివ్వదు. అప్పుడు కొంత నీరు తోడేసి కొత్త నీరు నింపడమే మార్గం.

ఒక లెక్క

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు ఉన్న కొలనులో 48,000 లీటర్ల నీరు పడుతుంది. క్లోరిన్‌ను 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచాలంటే 480 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే అది సుమారు 1.45 కిలోలు. తేమ తగిలి సగం సత్తువ కోల్పోయిన పొడి అయితే దాదాపు 2.9 కిలోలు. సూరత్ లాంటి సముద్రతీర వాతావరణంలో మూత సరిగా లేని డబ్బాను నమ్మి లెక్క వేయకూడదన్నది ఇందుకే.

క్రమం ఇది

ముందుగా ఆకులు, చెత్త తీసి, గోడలను బ్రష్‌తో రుద్దాలి. పీహెచ్‌ను 7.2 దగ్గరకు తేవాలి. సాయంత్రం పొడిని బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను కొలనులో పోయాలి. పంపు, ఫిల్టర్ రాత్రీ పగలూ నడవాలి. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడల్లా వెనక్కి నీరు పంపి కడగాలి.

నాచు చచ్చాక నీరు బూడిద రంగులోకి, ఆపై పాలలాంటి తెలుపులోకి మారుతుంది. ఆ మృతకణాలను తీసేది ఫిల్టరే. ఊళ్లలో బురదనీటిలో పటిక తిప్పినట్టే, కొలనులో కూడా పటిక ఆ నలుసులను ముద్దగా చేసి అడుగుకు దింపుతుంది.

పని పూర్తయిందని చెప్పేది రంగు కాదు, రాత్రి పరీక్ష. చీకటి పడ్డాక క్లోరిన్ కొలిచి, సూర్యోదయానికి ముందు మళ్లీ కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి తగ్గిన క్లోరిన్ నాచు, ఇతర సేంద్రియ పదార్థాలపై ఖర్చయినట్టే. తగ్గుదల 1 పీపీఎం లోపు ఉంటే పోరు ముగిసినట్టు లెక్క. ఎక్కువ ఉంటే, నీరు తేటగా కనిపించినా మళ్లీ వేయాల్సిందే. గులాబీ రంగు చూపే డీపీడీ పరీక్షలో ఒక చిక్కు ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగును కూడా తెల్లబరచి, అసలు క్లోరిన్ లేదనిపిస్తుంది. అనుమానం వస్తే నమూనాను మంచినీటితో పలచన చేసి చూడాలి.

ప్రాణాల మీదికి తెచ్చేవి

పీహెచ్ తగ్గించే ఆమ్లాన్ని, క్లోరిన్ మందును ఒకే బకెట్‌లో కలపకూడదు. వెలువడేది 1915లో ఈప్ర యుద్ధక్షేత్రంలో ఆయుధంగా వాడిన క్లోరిన్ వాయువే. ట్రైక్లోర్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే మంటలు, పేలుడు ప్రమాదం. పొడిని నీటిలో వేయాలి గానీ పొడిపై నీరు పోయకూడదు. అడుగు కనిపించని కొలనులో మునిగిన పిల్లవాడు పైనుంచి కనపడడు. అందుకే అడుగు స్పష్టంగా కనిపించి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఎవరినీ దిగనివ్వకూడదు. అలాగని పచ్చనీటిని వదిలేసినా దోమలకు పురిటిల్లవుతుంది.

కొలను దాటి

2006 ఆగస్టులో తాపి వరద సూరత్‌లో చాలా భాగాన్ని ముంచింది. అలాంటి వరద తర్వాత ఏ ఊళ్లోనైనా బావికి, ట్యాంకుకు క్లోరిన్ వేసేటప్పుడు ఇదే సూత్రం వర్తిస్తుంది. మురికి ఎక్కువగా ఉన్న నీరు మొదట క్లోరిన్‌ను మింగేస్తుంది. అందుకే తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఎంత వేశారని అడగదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది. కొలను యజమానికైనా, ట్యాంకు నింపుకునే ఇల్లాలికైనా ఆ మిగులే భరోసా.