వాతాష్ఠీల : వార్ధక్యమున మూత్రావరోధము

మానవశరీరమున నూటయేడు మర్మములు గలవని ఆయుర్వేదము చెప్పుచున్నది. వానిలో శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటికి చరకసంహిత ప్రత్యేకస్థానము నిచ్చినది. శిరస్సునకును హృదయమునకును అట్టి గౌరవము చెల్లుట యెవరికిని వింతగా తోచదు. మూత్రాశయమగు వస్తిని వాని సరసన నిలుపుటయే కొందఱి కాశ్చర్యము గొలుపును. అర్ధరాత్రమున మూత్రము బంధింపబడి, పొత్తికడుపు ఉబ్బి, కూర్చుండనులేక నిలువనులేక వేదనపడు వృద్ధు నొకమాఱు చూచినవారి కా సందేహము మిగులదు.

సుశ్రుతుడు ఉత్తరతంత్రము 58వ అధ్యాయమున మూత్రాఘాతములను వర్ణించుచు, వానిలో వాతాష్ఠీల యను వ్యాధిని పేర్కొనెను. అష్ఠీల యనగా గుండ్రని గట్టి రాయి. మలమార్గమునకును వస్తికిని నడుమ వాయువు చేరి, కదలక, ఉబికి, రాతివలె గట్టిగానుండు గ్రంథిని పుట్టించుననియు, దానివలన మలము, మూత్రము, అధోవాయువు నిలిచి వస్తి ఉబ్బుననియు ఆయన చెప్పిన లక్షణము. నేటి వైద్యుడు గుదమార్గమున వ్రేలితో తాకి పరీక్షించు ప్రోస్టేటుగ్రంథి యుండు తావు ఇంచుమించుగ నదియే. సుశ్రుతుడే అశ్మరీనిదానమున వస్తిని, వృషణములను, గుదమును చెప్పుచు వానితో సంబంధముగల ‘పౌరుషము’ను గూడ పేర్కొనెను. ఆధునికులగు ఆయుర్వేద రచయితలు ఈ గ్రంథికి పౌరుషగ్రంథి యను పేరు వాడుట కాధార మిదియే.

అయినను వాతాష్ఠీలయు, నేటి ప్రోస్టేటువృద్ధియు సర్వవిధముల నొకటే యని పట్టుబట్టుట అనవసరము. ఈ వ్యాధిగలవానికి ధార సన్నగిల్లుట, ఆరంభమున తడవగుట, బొట్లుబొట్లుగ జాఱుట, రాత్రివేళ పలుమాఱులు లేవవలసివచ్చుట కనబడును. వీనిలో కొన్ని సుశ్రుతుని మూత్రాతీతమునకు, మఱికొన్ని మూత్రోత్సంగమునకు దగ్గఱగానున్నవి. ఒక్క రోగియే కాలక్రమమున ఆ భేదములలో పెక్కింటిని దాటిపోవచ్చును. ప్రాచీనులు అవయవమునుబట్టి కాక, రోగి పడు బాధ తీరునుబట్టి పేరిడిరని తలచిన చిక్కు తీరును.

కారణవిషయమున ఇరువురి మాటలు వేఱు. ముదిమియందు వాతము ప్రబలుననియు, మలమూత్రములను క్రిందికి నడపు అపానవాయువు దారితప్పిన అవరోధము కలుగుననియు ఆయుర్వేదమతము. ఆధునికశాస్త్రము వయస్సును, పురుష హార్మోనులను కారణములుగ చూపును. యౌవనమున సుమారు 20 గ్రాములు తూగు ఈ గ్రంథి మూత్రనాళమును చుట్టియుండుటచే, పెరిగినపు డా నాళమునే నొక్కును. అరువదియేండ్లు వచ్చునప్పటికి దాదాపు సగముమంది పురుషులలో ఈ పెరుగుదల యుండును, అందఱును బాధపడరు. గ్రంథి పరిమాణమునకును బాధకును ఎల్లప్పుడు పొత్తు కుదురదు.

ఆయుర్వేదము పదేపదే హెచ్చరించిన దొకటి గలదు : వేగధారణము. మూత్రాతీతము, వాతవస్తి, మూత్రజఠరము అను వానికి సుశ్రుతుడు మూత్రము బిగబట్టుటనే హేతువుగ చెప్పెను. చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయమున రెండు పట్టికల నిచ్చెను. మూత్రము, మలము, ఆకలి, దప్పి, నిద్ర మొదలగు పదమూడు వేగములను ఆపరాదు. లోభము, క్రోధము, ఈర్ష్య మొదలగువాని వేగములను తప్పక ఆపవలెను. లోకమున జరుగునది తలక్రిందులు. పురాణశ్రవణము నడుమ లేచిన మర్యాద కాదని రెండుగంటలు మూత్రము బిగబట్టిన పెద్దమనిషి, ఇల్లు చేరి అన్న మాలస్యమైనదని కోపమును మాత్రము బిగబట్టడు! మూత్రము నాపుటవలననే గ్రంథి పెరుగునని నేటి శాస్త్ర మంగీకరింపదు. కాని పెరిగిన గ్రంథి గలవాడు అట్లు బిగబట్టినచో, అతిగా నిండిన వస్తి బలముడిగి పూర్తిగా బంధము కలుగవచ్చును.

చికిత్సయందు స్నేహనము, స్వేదనము, మృదువిరేచనము, వస్తికర్మ ప్రధానములు. గోరువెచ్చని నీటితొట్టిలో నడుముదాక కూర్చుండు అవగాహస్వేదము సులభోపాయము. మలబద్ధము ఈ బాధను హెచ్చించును గాన కోష్ఠశుద్ధికి ప్రాముఖ్యము గలదు. పల్లేరు, ఉలిమిరి, పునర్నవ, దర్భ, రెల్లు మున్నగు మూలికలను వైద్యులు వాడుదురు. గోక్షురాదిగుగ్గులు, చంద్రప్రభావటి ప్రసిద్ధయోగములు. చంద్రప్రభావటిలో శిలాజతువును లోహభస్మమును గలవు. మూత్రపిండముల స్థితి తెలియకుండ దానిని నెలలతరబడి మ్రింగుట తగదు. ఈ మందులు పెరిగిన గ్రంథిని కరగించునను ప్రకటనలను నమ్మదగదు. ఆధునికవైద్యమున వస్తిద్వారపు కండరములను సడలించు మందులును, గ్రంథిని మెల్లగ కుదించు మందులును గలవు. అవి చాలనిచో శస్త్రచికిత్స గలదు.

రాత్రి పడకకుముందు పానీయములు తగ్గించుట మేలు; పగలు నీరే మానుట కీడు. పడిసెమునకు వాడు కొన్ని మాత్రలు మూత్రబంధమును తెచ్చును గనుక, ఈ వ్యాధి యున్నవారు వైద్యునకు ముందే తెలుపవలెను.

అన్నిటికంటె చేటు సిగ్గు. కొడుకునకు చెప్పరాదు, కోడలు వినరాదు అని దాచుకొని యేండ్లు గడపువా రనేకులు. నిలిచిన మూత్రము వెనుకకు ఒత్తి మూత్రపిండములను చెఱచు వఱకును కొందఱు నోరు విప్పరు. ఇవే లక్షణములు గ్రంథియందలి క్యాన్సరునకును ఉండవచ్చును. రక్తపరీక్షయు, వైద్యుని స్పర్శపరీక్షయు లేక భేదము తెలియదు. మూత్రమున రక్తము కనబడినను, జ్వరము వచ్చినను జాగు చేయరాదు. మూత్రము పూర్తిగా నిలిచినపుడు కషాయములు కాచుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. అచ్చట సన్నని గొట్టముతో మూత్రమును వెడలింతురు. దీనిని పరదేశపు మోటుచికిత్స యని జంకువారు కొందఱు గలరు. మూత్రమార్గశోధనమునకు, మాలతీపుష్పపు తొడిమ కొనయంత పరిమాణమున గుండ్రని కొన గల శలాకను సుశ్రుతుడే యంత్రాధ్యాయమున విధించియున్నాడు.