అమ్మరాని నేల

ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున లెసోతో అను చిన్న రాజ్యము కలదు. దక్షిణాఫ్రికా దేశము దానిని అన్నివైపుల చుట్టియున్నది. రాజ్యమంతయు సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైబడిన ఎత్తున నుండుటచే దానికి పర్వతరాజ్యమను పేరు కలిగెను. అచటి ప్రజలను బసోతోలందురు. ఆ కొండలనడుమ మలేయలేయ అను పల్లెలో, 1905వ సంవత్సరమున, మెర్విన్ బాస్‌వర్త్ స్మిత్ అను ఆంగ్లేయుడు ఒక అంగడిని నెలకొల్పెను. అంగడి అతనిదే గాని, అది నిలిచిన నేల అతనిది కాదు. ఇందుకు కారణము అంతకు పూర్వపు చరిత్రలో నున్నది.

మొష్వేష్వే అను రాజు 1824లో తబా బొసియు అను కొండను తన నెలవు చేసికొని, యుద్ధములచేత చెదరిన తెగలను క్రమముగా ఒక జాతిగా కూర్చెను. పిమ్మట బోయరులను తెల్లజాతివారు పశువులను మేపుకొనుటకు అనుమతి పొంది వచ్చిరి. కాలక్రమమున ఆ భూమి తమదే యనిరి. ఈ అనుభవము రాజునకు గుణపాఠమయ్యెను.

అయినను ఆయన వర్తకులను వెడలగొట్టలేదు. వర్తకమువలన ప్రజలకు మేలు కలదని ఆయన ఎరుగును. అందుచే 1859లో ఒక శాసనము చేసెను. అంగడి పెట్టదలచినవాడు ముందుగా రాజు అనుమతి పొందవలెను. ఇల్లు కట్టుకొనవచ్చును గాని, దానిని అమ్మరాదు. కూరగాయలకై చిన్న పెరడు వేసికొనవచ్చును గాని, పొలము దున్నరాదు. తానున్న చోటు తనదని తలచువాడు దేశము విడిచి పోవలెను.

శాసనము అన్ని ఆపదలను ఆపలేకపోయెను. 1865లో మొదలైన యుద్ధమున సారవంతమైన భూములు పెక్కు బోయరుల పాలయ్యెను. 1868లో మొష్వేష్వే బ్రిటిషువారి రక్షణ కోరెను; 1870లో మరణించెను. అయినను మిగిలిన భూమిని పరులకు అమ్మరాదను కట్టుబాటు బ్రిటిషు పాలనలోను నిలిచెను. పొరుగున దక్షిణాఫ్రికాలో 1913వ సంవత్సరపు చట్టము నల్లజాతివారికి దేశభూమిలో నూటికి ఏడు వంతులు మాత్రమే విడిచెను. ఈ రెండింటిని పోల్చిచూచినచో ఆ కట్టుబాటు విలువ తెలియును.

మలేయలేయ వంటి అంగళ్లకు బసోతోలు గుఱ్ఱములపై ఉన్నిని, ధాన్యమును తెచ్చి, కంబళ్లు, ఉప్పు, తేయాకు, చక్కెర కొనిపోవుచుండిరి. కాని మిగిలిన పొలములు పెరుగుచున్న జనమునకు చాలలేదు. పురుషులు దక్షిణాఫ్రికాలోని బంగారు గనులకు కూలికి పోయిరి. వారు పంపిన కూలిడబ్బు అంగళ్లలో ఖర్చయ్యెడిది. భూమి దక్కినను పేదరికము తొలగలేదు.

1966 అక్టోబరు 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమయ్యెను. రోడ్లు, మోటారు బండ్లు వచ్చినకొలది మారుమూల అంగళ్ల వర్తకము సన్నగిల్లెను. 1980 తరువాతి దశకమున మలేయలేయ అంగడి యాత్రికుల విడిదిగా మారెను. నేడచట దిగిన యాత్రికులు కొండదారులలో గుఱ్ఱములపై తిరుగుదురు. ఆ గుఱ్ఱములు పల్లెవారివి. దారి చూపువారును పల్లెవారే. వారికి కొంత జీవనోపాధి కలుగుచున్నది.

అంగడి పోయి విడిది వచ్చినది. వర్తకుడు పోయి యాత్రికుడు వచ్చినాడు. నేల మాత్రము చేతులు మారలేదు. దేశములోని భూమి యావత్తు బసోతో జాతిదేయని లెసోతో రాజ్యాంగము నేటికిని చెప్పుచున్నది. అతిథిని ఆదరించుట వేరు, ఇంటిని అప్పగించుట వేరు. ఈ భేదమును మొష్వేష్వే గ్రహించెను.